స్పీడ్ బోటుకు ఏ డీజిల్ ఇంజిన్? మావారిది ఒక మాట, బావగారిది ఒక మాట

శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నానికి దగ్గరగా ఉన్న ఒక తీరగ్రామం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 33 ఏళ్లు. డిగ్రీ చదివారు, ఊళ్లో మహిళా సంఘం లెక్కలు చూస్తారు. భర్త షార్జాలో పడవల మరమ్మతు యార్డులో ఎనిమిదేళ్లు పనిచేసి కిందటేడాది తిరిగి వచ్చారు. మళ్లీ వలస పోకుండా ఇక్కడే పర్యాటకుల కోసం ఒక స్పీడ్ బోటు నడుపుకోవాలని ఆయన కోరిక. విశాఖలో ఒక యార్డులో ఇంజిన్ లేకుండా పడి ఉన్న 9 మీటర్ల ఫైబర్ పడవను ఇప్పటికే కొన్నారు. ఇంజిన్ల కోసం 45 లక్షలు సమకూర్చుకున్నారు. అందులో భర్త పొదుపు 18 లక్షలు, ఆమె నగలు తాకట్టు పెట్టి, చీటీ పాడి తెచ్చినవి 12 లక్షలు, బావగారు, అంటే భర్త అన్నగారు, ఇస్తానన్నవి 15 లక్షలు.

పేచీ ఇంజిన్ దగ్గర వచ్చింది. భర్తకు 370 హెచ్‌పీ (హార్స్‌పవర్) వి8, అంటే ఎనిమిది సిలిండర్ల డీజిల్ ఇంజిన్లు రెండు కావాలి. విదేశీ యాట్ (విహార పడవ) నుంచి తీసిన జత ఒకటి ఒక దళారి దగ్గర ఉంది. వాటితో పడవ 45 నాట్ల, అంటే గంటకు సుమారు 83 కిలోమీటర్ల వేగంతో వెళుతుందని ఆయన లెక్క. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో రెండు మరపడవలు నడుపుకుంటున్న బావగారు మాత్రం లారీ ఇంజిన్ ఒకటి బాగుచేయించి బిగిద్దామంటున్నారు. విడిభాగాలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి, డీజిల్ రాయితీ మీద వస్తుంది అన్నది ఆయన వాదన. గ్రామదేవత పండగ నాడు భోజనాల దగ్గర మాటామాటా పెరిగింది. అన్నదమ్ములు అప్పటి నుంచి మాట్లాడుకోవడం లేదు. ఆ రోజు మామగారు "మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటే సంగతి ఎవరూ మాట్లాడరేం" అని మధ్యలోనే లేచి వెళ్లిపోయారట. దళారి పది రోజుల్లో ఐదు లక్షలు అడ్వాన్సు ఇవ్వమంటున్నాడు.

"ఇంజిన్ల గురించి నాకేమీ తెలియదు. ఎవరు చెప్పేది నిజం? ఒకరి మాట నెగ్గితే రెండోవారి ముఖం ఎలా చూడాలి? నా నగలు పోతాయేమోనన్న భయం కూడా ఉంది. అది పైకి అనలేకపోతున్నాను" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

ముందు ఆ పది రోజుల సంగతి. అది దళారి పెట్టుకున్న గడువు, మీరు పెట్టుకున్నది కాదు. యాట్ల నుంచి తీసిన పాత ఇంజిన్లకు మన తీరంలో కొనేవాళ్లు బారులు తీరి ఉండరు. కాగితాలు చూడకుండా, ఇంట్లో మాట ఒక కొలిక్కి రాకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఈలోగా ఆ జత వేరేవాళ్లకు అమ్ముడైపోయినా మీకు పోయేదేమీ లేదు. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మీవారు చెప్పేది నిజమే, మీ బావగారు చెప్పేదీ నిజమే. ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు పడవల గురించి, అదే చిక్కు. మీవారి కళ్లముందున్నది షార్జాలో తాను బాగుచేసిన యాట్. మీ బావగారి కళ్లముందున్నది పది రోజులు సముద్రం మీద ఉండి వచ్చే వేట పడవ. మీరు కొన్న 9 మీటర్ల పడవ ఆ రెండింటిలో ఏదీ కాదు. అది ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది, రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది అన్నవి ముందు తేలాలి. అవి తేలకుండా హెచ్‌పీల గురించి ఎంత వాదించుకున్నా ఒడ్డుకు చేరరు.

పెట్రోలు వద్దు, డీజిలే కావాలన్న చోట అన్నదమ్ములిద్దరూ ఒకటయ్యారు. ఇంజిన్ పడవ లోపల ఉండేటట్లయితే ఆ మాట నూటికి నూరుపాళ్లు సరైనది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. ఎక్కడైనా కాస్త కారినా ఆ ఆవిరి పైకి పోదు, పడవ అడుగున చేరి నిలుస్తుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, పడవ పేలిపోతుంది. డీజిల్ మామూలు వేడికి అంత సులువుగా అంటుకునే ఆవిరినివ్వదు. పిల్లాపాపలతో వచ్చే టూరిస్టులను ఎక్కించుకునే పడవకు ఇంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు. పైగా ఖర్చు కూడా కలిసివస్తుంది. పూర్తి శక్తితో నడిచేటప్పుడు డీజిల్ ఇంజిన్ ఒక్కో హెచ్‌పీకి గంటకు సుమారు ఐదో వంతు లీటరు తాగుతుంది. అదే పనికి పెట్రోలు ఇంజిన్ అంతకన్నా మూడో వంతుకు పైగా ఎక్కువే తాగుతుంది.

డీజిల్ ఇబ్బంది బరువులో ఉంది. స్పార్క్ ప్లగ్గు లేకుండా, గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడితోనే అది ఇంధనాన్ని మండిస్తుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టి దిమ్మె (ఇంజిన్ బ్లాక్), క్రాంక్ షాఫ్టు, పిస్టన్లు అన్నీ మందంగా ఉంటాయి. గాలిని ఎక్కువగా లోపలికి తోసే టర్బోచార్జర్లు, ఇంధనాన్ని ఎక్కువ ఒత్తిడితో చిమ్మే కామన్ రైల్ పద్ధతి వచ్చాక చిన్న దిమ్మె నుంచి ఎక్కువ శక్తి రాబట్టడం సాధ్యమైంది, వేగం పడవల్లోకి డీజిల్ గట్టిగా అడుగుపెట్టింది. అయినా మీవారు చూసిన వి8 ఇంజిన్ ఒక్కొక్కటి డ్రైవుతో (ప్రొపెల్లర్‌ను తిప్పే భాగంతో) కలిపి అర టన్ను పైనే తూగుతుంది. రెండు కలిస్తే టన్ను దాటినట్టే.

మీవారు ఫోనులో వీడియో చూపించి "డీజిల్ పడవ గంటకు 277 కిలోమీటర్లు పోయింది" అన్నారని రాశారు. నిజంగానే పోయింది. 2018 మార్చిలో ఇటలీలోని కోమో సరస్సు మీద ఫాబియో బుట్సీ అనే ఇంజనీరు 277.5 కిలోమీటర్ల వేగంతో డీజిల్ పడవల ప్రపంచ రికార్డు నెలకొల్పారు. డీజిల్ అంటే నత్తనడక అనే అపోహను పోగొట్టడానికి ఎంతో శ్రమపడిన మనిషి ఆయన. ఆయనంటే నాకు గౌరవం. అయితే అది కెరటం లేని సరస్సు, రికార్డు కోసమే కట్టిన పడవ, రికార్డు కోసమే సిద్ధం చేసిన ఇంజిన్. మరుసటి ఏడాది సెప్టెంబరులో వెనిస్ దగ్గర ఇంకో రికార్డు ప్రయత్నంలో జరిగిన ప్రమాదంలో ఆయన, మరో ఇద్దరు చనిపోయారు. ఈ సంగతి మీవారికి తప్పకుండా చెప్పండి. భయపెట్టడానికి కాదు. ఆ వీడియోకీ మీ ఊరి తీరానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆయనకు తెలియాలి.

మీరు లెక్కలు చూసే మనిషి కాబట్టి వేగం సంగతి లెక్కలోనే చెబుతాను. నీటి మీదికి లేచి పరుగెత్తే పడవల్లో శక్తి రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు. ఒకటికి 1.4 రెట్లు అవుతుంది, అంతే. ఇదే లెక్కను వెనక్కి తిప్పి చూడండి. రెండు ఇంజిన్ల 740 హెచ్‌పీతో 45 నాట్లు వస్తాయనుకుందాం. ఒక ఇంజిన్ తీసేస్తే 22 కాదు, సుమారు 32 నాట్లు వస్తాయి. అర టన్ను బరువు తగ్గింది కాబట్టి ఇంకో నాటో రెండో కలుస్తాయి. అంటే చివరి పది పన్నెండు నాట్ల కోసం మీరు రెండో ఇంజిన్, రెండో డ్రైవు, రెండో జత కూలర్లు కొంటున్నారన్నమాట.

ఇక డీజిల్. 740 హెచ్‌పీ పూర్తి శక్తితో నడిస్తే గంటకు 150 లీటర్లు కావాలి. ఎవరూ రోజంతా అలా నడపరు, మూడింట రెండు వంతుల శక్తితో అనుకున్నా 100 లీటర్లు. లీటరు వంద రూపాయల దరిదాపుల్లో ఉంది. గంటకు పది వేలు. పదిమంది ఎక్కితే తలకు వెయ్యి రూపాయలు ఇంధనానికే పోతుంది. జీతాలు, మరమ్మతులు, వడ్డీ ఇంకా మొదలే కాలేదు. ఒకే ఇంజిన్ అయితే ఇదంతా సగం. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి ఆదివారం పూట కుటుంబంతో వచ్చేవాళ్లు గంటకు ఎంత ఇవ్వగలరో నాకన్నా మీకే బాగా తెలుసు. ఇంకొక మాట. ఎదురు కెరటంలో 40 నాట్లు దాటి పోయే పడవలో ప్రతి దెబ్బ ప్రయాణికుల నడుము మీద పడుతుంది. మొదటిసారి సముద్రం మీదికి వచ్చినవాళ్లు ఆ వేగాన్ని పది నిమిషాలు కూడా కోరుకోరు.

ఇప్పుడు గంటల విషయానికి వద్దాం. ఈ జవాబులో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మెరైన్ ఇంజిన్ తయారీదారులు ఒకే దిమ్మెను రకరకాల హెచ్‌పీలకు బిగించి అమ్ముతారు. కమిన్స్ వారి 6.7 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉంది. విహారానికి వాడుకునే పడవకైతే దాన్ని 550 హెచ్‌పీ దాకా ఇస్తారు. అదే ఇంజిన్ రోజంతా పనిచేసే పడవకైతే అందులో ఇంచుమించు సగానికే బిగించి ఇస్తారు. ఇనుము ఒక్కటే, దాని మీద మోపే భారం వేరు. విహార పడవల తరగతికి చెందిన ఇంజిన్‌ను ఎనిమిది గంటల్లో ఒక గంట మాత్రమే పూర్తి శక్తితో నడపాలి, ఏడాదికి కొన్ని వందల గంటలకు మించకూడదు అని తయారీదారే రాసి ఇస్తాడు. యాట్ యజమాని సెలవు రోజుల్లో సరదాగా తిరుగుతాడు కాబట్టి అతనికి అది చాలు. మీరు రోజుకు నాలుగు గంటల చొప్పున ఏడాదికి 200 రోజులు తిప్పితే 800 గంటలు. ఆ ఇంజిన్ దానికోసం పుట్టలేదు. మొదటి ఏడాది బాగానే ఉంటుంది, రెండో ఏడాది టర్బో, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు, వాల్వులు ఒకదాని తర్వాత ఒకటి పాడవుతాయి. వి8 ఇంజెక్టరు ఇచ్ఛాపురంలోనో టెక్కలిలోనో దొరికే వస్తువు కాదు. అది వచ్చేదాకా పడవ ఒడ్డునే, వడ్డీ మాత్రం ఆగదు.

మీ బావగారు విడిభాగాల గురించి పట్టుబట్టడం వెనుక ఉన్న అనుభవం ఇదే. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దని మీవారికి చెప్పండి. అయితే ఆయన సూచించిన లారీ ఇంజిన్ ఈ పడవకు నప్పదు. ఎనిమిది పది నాట్లతో నిదానంగా పోయే వేట పడవకు అది చక్కని ఇంజిన్, మన తీరమంతా వాటి మీదే నడుస్తోంది. మీ పడవ అడుగు ఆకారం వేరు. అది ముందు తన ముక్కు దగ్గర తానే లేపిన అలను ఎక్కాలి. ఎక్కి దాటితేనే నీటి మీద తేలికగా జారుతుంది. ఆ అలను ఎక్కడానికి చాలినంత శక్తి లేకపోతే పడవ ముక్కు పైకెత్తి, తోక ముంచి, నీటిని దున్నుకుంటూ ఈడుస్తుంది. ఇంజిన్ మాత్రం పూర్తి భారం మీద ఉంటుంది. నల్లటి పొగ వస్తుంది, పొగగొట్టం వేడెక్కిపోతుంది, వాల్వులు కాలిపోతాయి. బరువైన లారీ ఇంజిన్‌తో 9 మీటర్ల స్పీడ్ బోటుకు జరిగేది ఇదే. దానికి తోడు లారీ ఇంజిన్‌ను ఉప్పునీటికి తయారుచేయడమంటే రేడియేటర్ తీసేయడం ఒక్కటే కాదు. సముద్రపు నీటితో చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్, నీటి పంపు, నీటితో చల్లబడే పొగగొట్టం, గేర్‌బాక్సు, డీజిల్‌లోని నీటిని వేరుచేసే ఫిల్టరు అన్నీ కావాలి. ఆ ఖర్చు కలిపితే "చవక" అన్న మాట నిలబడదు.

రాయితీ సంగతి మరీ ముఖ్యం. డీజిల్ రాయితీ చేపల వేటకు నమోదైన పడవల కోసం. టిక్కెట్టు తీసుకుని టూరిస్టులను తిప్పే పడవలో ఆ డీజిల్ పోస్తే రేపు ఇబ్బందిలో పడేది మీ బావగారి మరపడవల లైసెన్సులు. ఆ లెక్కను ఇప్పుడే కొట్టేయండి.

మామగారి మాటను మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకైతే మీ ఇంట్లో అందరికన్నా సూటిగా మాట్లాడింది ఆయనే అనిపించింది. వంశధార మొగ దగ్గర ఇసుక తిన్నె ఒక చోట నిలవదు. ఈ ఏడాది దారి ఉన్నచోట వచ్చే ఏడాది మోకాలి లోతు ఉండవచ్చు. మీ తీరంలో పడవను ఆనించుకోవడానికి హార్బర్ లేదు, తెప్పలన్నీ ఇసుక మీదికే ఎక్కుతాయి. ఫైబర్ తెప్పకు వెనుక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారును ఒడ్డు దగ్గరికి రాగానే పైకి ఎత్తేస్తారు, ప్రొపెల్లర్‌కు ఇసుక తగలదు. లోపల బిగించిన డీజిల్ ఇంజిన్‌కు ఆ వీలు లేదు. ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు పడవ అడుగు నుంచి కిందికి ఉంటుంది. పడవ వెనుక గోడ బయట ఉండే స్టెర్న్‌డ్రైవ్‌ను కొంత పైకి లేపవచ్చు గానీ, విరిగే కెరటాల మధ్య ఇసుక మీదికి ఈడ్చే పనికి అది ఆగదు. నీటిని పీల్చి వెనక్కి చిమ్మే వాటర్‌జెట్ అయితే ప్రొపెల్లర్ బయటికి ఉండదు, కాని లోతు లేనిచోట ఇసుకను లోపలికి లాక్కుంటుంది. పైగా నాలుగైదు టన్నుల పడవను తెప్పను లాగినట్టు పదిమంది కలిసి లాగలేరు.

కాబట్టి పడవ రాత్రిపూట విశాఖలో ఉండాలి, లేదా ట్రాక్టరు లాగే ట్రైలరు మీద ఒడ్డున ఉండాలి. బుడగట్లపాలెం హార్బర్ వస్తుంది కదా అని మీవారు రాయమన్నారట. రావాలనే నేనూ కోరుకుంటున్నాను. అయితే మీ వాయిదాలు మొదలయ్యే తేదీని హార్బర్ పూర్తయ్యే తేదీకి ముడిపెట్టకండి. తుపాను మాటా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ మీ జిల్లాలోనే పలాస దగ్గర తీరం దాటింది. ఆ హెచ్చరిక వచ్చిన రోజు ఈ పడవను ఎక్కడికి, ఎవరు, దేనితో తరలిస్తారో ముందే తెలిసి ఉండాలి.

ఇవన్నీ చూశాక మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను.

పడవను విశాఖలో ఉంచి అక్కడి నుంచే నడిపేటట్లయితే లోపల బిగించే డీజిల్ మంచి ఎంపిక. అప్పుడు రెండు వి8లు కాదు, 250 నుంచి 300 హెచ్‌పీ మధ్య ఒకే ఇంజిన్, వాణిజ్య వాడకం తరగతిది చూడండి. నాలుగు సిలిండర్లదో ఆరు సిలిండర్లదో ఏదైనా ఫరవాలేదు, విడిభాగాలూ మెకానిక్కూ విశాఖలో దొరకాలి. పడవ బరువు అదుపులో ఉంటే పదిమందితో 20 నుంచి 25 నాట్లు హాయిగా పోతుంది. విశాఖలో పోటీ ఉంటుంది, ఇల్లు ఒకచోట పని ఒకచోట అవుతుంది, కొత్త ఇంజిన్ అయితే మీ 45 లక్షలు చాలకపోవచ్చు. ఒకే ఇంజిన్ ఆగిపోతే ఎలా అన్న భయం న్యాయమైనదే. దానికి మందు, మీ ఊరి తెప్పలకు వాడే 9.9 హెచ్‌పీ మోటారు ఒకటి వెనుక బ్రాకెట్ మీద సిద్ధంగా ఉంచుకోవడం. నాలుగు నాట్లతోనైనా సరే ఇంటికి చేరుస్తుంది.

మీ ఊరి ఒడ్డు నుంచే నడపాలి అనుకుంటే అవుట్‌బోర్డ్ తప్ప దారి లేదు. డీజిల్ అవుట్‌బోర్డ్‌లు ఉన్నాయి. కాక్స్ అనే బ్రిటిష్ సంస్థ 300 హెచ్‌పీది తయారుచేసింది, స్వీడన్‌కు చెందిన ఆక్సే కూడా చేసింది. కాక్స్ ఇంజిన్ ఒక్కటే 390 కిలోలకు పైన ఉంటుంది, అదే శక్తి గల పెట్రోలు అవుట్‌బోర్డ్ అంతకన్నా వంద కిలోలకు పైగా తేలిక. ఆ బరువుకు మీ పడవ వెనుక గోడను బలపరచాలి. ధర చూస్తే మీ బడ్జెట్‌కు అందదు. అందువల్ల ఈ దారిలో ఆచరణకు మిగిలేది పెట్రోలు అవుట్‌బోర్డ్. ఇంజిన్ బయట గాలిలో ఉంటుంది కాబట్టి పెట్రోలు గురించి పైన చెప్పిన ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ట్యాంకు లోపలే ఉంటుంది గనుక గాలి ఆడే ఏర్పాటు, గొట్టాల తనిఖీ తప్పవు. ఇంధనం ఖర్చు పెరుగుతుంది, మొదటి పెట్టుబడి తగ్గుతుంది. డీజిల్ మెకానిక్ అయిన మీవారికి ఇది రుచించకపోవచ్చు.

మూడో దారి మీవారి చేతిలోనే ఉంది. ఎనిమిదేళ్లు మెరైన్ డీజిళ్లు విప్పి బిగించిన మనిషి మన తీరంలో అరుదు. ఏడాది పాటు ఇంజిన్ కొనకుండా, విశాఖలో మరమ్మతుల షెడ్డు పెట్టుకుంటే పెట్టుబడి తక్కువ, మీ బావగారి హార్బర్ పరిచయాలు కలిసివస్తాయి, ఏ ఇంజిన్ ఎక్కడ చెడుతుందో కళ్లారా చూస్తారు. పడవ కొనేశాం కదా, ఖాళీగా ఉంచడమా అనిపిస్తుంది. ఖాళీ ఫైబర్ పడవ గుడ్డ కప్పి ఉంచితే ఏడాదిలో చెడిపోదు, యార్డు అద్దె మాత్రం పెరుగుతుంది.

నన్నడిగితే నా మొగ్గు మూడోదారిలో మొదలుపెట్టి మొదటిదారికి రావడం వైపే. కాని మీ ఇంటి అవసరాలు, పిల్లల చదువులు నాకు తెలియవు. విశాఖకు మకాం మార్చడం మీకు కుదరకపోతే నా మొగ్గుకు విలువ లేదు.

అన్నీ విన్న తర్వాత కూడా మీవారు ఆ పాత జతే కావాలంటే, కనీసం ఇలా చూడమనండి. దళారికి చెప్పకుండా పొద్దున్నే వెళ్లి ముందు దిమ్మె మీద చెయ్యి వేయాలి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ సరిగా స్టార్టవదని దాచడానికి ముందే నడిపి ఉంచారని అర్థం. ఆయిలు కర్రను తీసి చూడాలి. ఆయిలు పాలు కలిసిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు దిగింది. సముద్రపు నీటి పంపు మూత విప్పితే రబ్బరు చక్రం కనిపిస్తుంది. దాని రెక్కల్లో ఒక్కటి విరిగి లేకపోయినా ఆ ముక్క కూలర్‌లో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. పొగగొట్టం మోచేతి వంపు విప్పించి లోపల వేలు పెట్టి చూడాలి. తుప్పు పొరలు పొరలుగా ఊడివస్తుంటే ఉప్పునీరు టర్బో దాకా వెనక్కి వచ్చి ఉండవచ్చు. గంటల మీటరును నమ్మవద్దు, ఇంజిన్ కంప్యూటర్ నుంచి మొత్తం గంటలు, ఎంత భారం మీద ఎన్ని గంటలు తిరిగిందో తీయించాలి. మీవారికి ఇవన్నీ తెలుసు. ఇష్టపడిన వస్తువును చూసేటప్పుడు తెలిసినవాళ్లు కూడా వదిలేస్తారు, అందుకే మీ చేతికి ఇస్తున్నాను.

ఏ ఇంజిన్ బిగించినా, డబ్బు చివరి విడత ఇచ్చే ముందు ఒక పరీక్ష పెట్టండి. ట్యాంకు నింపి, పదిమంది బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేసి, పూర్తి థ్రాటిల్‌తో నడిపించండి. తయారీదారు రాసిచ్చిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) రావాలి. 3,300 రావాల్సింది 3,000 దగ్గరే ఆగిపోతే ప్రొపెల్లర్ పెద్దదైంది, ఇంజిన్ ఎప్పుడూ మోయలేని భారం కింద ఉంటుంది. ఖరీదైన డీజిల్ ఇంజిన్లు ఎన్నో ఈ ఒక్క కారణంగా ముందుగానే పోతాయి. ప్రొపెల్లర్ మార్చడం కొద్ది ఖర్చుతో అయ్యే పని.

అనుమతుల గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ప్రమాదం తర్వాత ప్రయాణికుల పడవల విషయంలో పట్టింపు పెరిగింది, పెరగాలి కూడా. పడవ నమోదు, సర్వే, నడిపేవారి అర్హత పత్రం, ప్రయాణికుల బీమా గురించి ఏపీ మారిటైమ్ బోర్డు, పర్యాటక శాఖల్లో ఇంజిన్ కొనకముందే అడగండి. సర్వే చేసే అధికారి ఇంజిన్ కాగితాలు అడిగినప్పుడు దళారి దగ్గర కొన్న జతకు ఏమి చూపిస్తారు? ఇది ఒక్కటే చాలు ఆ బేరం ఆపడానికి. పడవకు విడిగా బీమా కూడా చేయించండి. 2023 నవంబరులో విశాఖ హార్బర్‌లో మంటలకు పదుల కొద్దీ పడవలు కాలిపోవడం మీ బావగారు దగ్గర నుంచి చూసే ఉంటారు.

ఇక ఇంటి సంగతి. అన్నదమ్ములను కూర్చోబెట్టి ఎవరు ఒప్పు అని అడగకండి. ఒక కాగితం మీద ఏడాదికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు, పడవ రాత్రి ఎక్కడ, పాడైతే భాగం ఎక్కడ దొరుకుతుంది, తుపాను వస్తే ఎక్కడికి అని రాసి మీ మామగారి చేతికి ఇవ్వండి. ఏ నెలల్లో మొగ దాటవచ్చో చెప్పగలిగింది ఆయనే, రోజుల సంఖ్య ఆయన నోటి నుంచే రావాలి. విడిభాగాల గడిని బావగారు నింపాలి, ఇంజిన్ తరగతినీ బరువునూ మీవారు నింపాలి. అలా చేస్తే వి8 జత, లారీ ఇంజిన్ రెండూ ఆ కాగితం మీదే పక్కకు పోతాయి. ఒకరి మీద ఒకరు గెలిచే అవసరం ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బావగారి పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆయనకు తీరిక ఉండే ఆ రోజుల్లో కూర్చుంటే నిదానంగా మాట్లాడుకోవచ్చు.

బావగారి 15 లక్షలు అప్పా, వాటానా అన్నది ఇంతవరకు ఎవరూ అనుకోలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. రేపటి గొడవ దీంట్లోనే ఉంది. అప్పయితే వడ్డీ, గడువు రాసుకోండి. వాటా అయితే లాభంలోనే కాదు, నష్టంలోనూ, ఇంజిన్ నిర్ణయంలోనూ ఆయనకు భాగం ఉంటుంది. రెండింటికీ మధ్యలో వదిలేస్తే ఆయన అప్పిచ్చినవాడిలా అడుగుతారు, మీవారు వాటాదారుకు చెప్పినట్టు చెబుతారు.

మీ 12 లక్షల గురించి మీరు మాట్లాడకపోవడం నాకు నచ్చలేదు. అది మొత్తం డబ్బులో నాలుగో వంతుకు పైనే. భాగస్వామ్య పత్రంలో మీ పేరు ఉండాలి, బ్యాంకు ఖాతాలో మీ సంతకం ఉండాలి. సంఘం లెక్కలు చూసే మీరే పడవ లెక్కలూ చూస్తే ఆ వ్యాపారానికే మంచిది. "నగలు పోతాయని భయంగా ఉంది" అనడానికి మొహమాటంగా ఉంటే "నా వాటా ఎంత, నగల వడ్డీ ఏ నెల నుంచి పడవ కడుతుంది?" అని అడగండి. భయాన్ని లెక్కగా అడిగితే ఇంట్లో ఎవరూ తప్పుపట్టలేరు. ఇంజిన్ కొనడం వాయిదా వేస్తే, వాడని డబ్బుతో ముందు నగలు విడిపించుకోండి. అవసరమైనప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు, ఈలోగా వడ్డీ మిగులుతుంది.

దళారికి ఈ వారంలో ఒక్క కబురు పంపండి. ఇంజిన్ నంబర్లు, తయారీదారు ఇచ్చిన వాడకం తరగతి కాగితం, కంప్యూటర్ నుంచి తీసిన గంటల వివరం, దిగుమతి పత్రాలు పంపితేనే మాట్లాడతామని. పంపితే వాటితోపాటు, ఖాళీ పడవను క్రేనుతో ఎత్తించి తూచిన బరువు కూడా నాకు రాయండి. ఏ ఇంజిన్‌కు ఎంత వేగం వస్తుందో, ఏ కొలత ప్రొపెల్లర్ సరిపోతుందో లెక్కగట్టి జవాబిస్తాను.